దగ్గుతో వచ్చినవాళ్ళని ముందు మందుల సంచి అడగండి: డెల్టా వైద్యాధికారులకి, డాక్టర్లకి, మెడికల్ షాపులవాళ్ళకి బహిరంగ లేఖ

కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులకి, పీహెచ్‌సీ డాక్టర్లకి, ఏఎన్ఎంలకి, ఆశా అక్కచెల్లెళ్ళకి, నాలాగే మందుల షాపుల్లో ఉండేవాళ్ళకి, ఊళ్ళల్లో జనం ముందుగా వెళ్ళే ఆర్ఎంపీలకి నమస్కారం అండి.

నేను రాజోలు వైపు ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. ఈ ఉత్తరంలో అడిగేది ఒక్కటే. దగ్గనో ఆయాసమనో ఎవరన్నా మీ దగ్గరికి వస్తే, కొత్త మందు రాసేముందు, ఇప్పటికే ఏమేం వాడుతున్నారు, ఏది ఎప్పుడు మొదలెట్టారు అని అడిగి ఓపీ చీటీ మీద ఒక లైను రాయండి. ఎందుకంటే ఒక్కోసారి ఆ దగ్గు తెచ్చింది ఆ పాత మందే అయ్యుంటుంది, అది తెలీక దాని మీద సిరప్, సిరప్ మీద యాంటీబయాటిక్, ఆ పైన ఒక ఇంజెక్షన్ ఇలా పడుతూనే ఉంటాయి, అసలుది మాత్రం రోజూ రాత్రి అన్నం తిన్నాక మామూలుగా లోపలికి వెళ్తూనే ఉంటుంది.

మందుల వల్ల కడుపులో మంట వస్తుందని, దద్దుర్లు వస్తాయని, కిడ్నీలు పాడవుతాయని మన జనానికి బాగానే తెలుసండి. నొప్పుల బిళ్ళ అడిగేటప్పుడే "గ్యాస్ బిళ్ళ కూడా పెట్టండి" అంటారు. ఊపిరితిత్తుల మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఫ్రాన్స్‌లో ఫిలిప్ కామూ అనే ఊపిరితిత్తుల డాక్టర్ మొదలుపెట్టిన న్యూమోటాక్స్ అనే జాబితా ఉంది, ఊపిరితిత్తుల్ని ఇబ్బంది పెట్టగలవని రిపోర్టులున్న మందులు అందులో వందల్లో ఉన్నాయి. అలాగని వాడే ప్రతివాళ్ళకీ వస్తుందని కాదు, చాలా మందులకి అది అరుదే. కానీ అరుదని అసలు ఆలోచనే చెయ్యకపోతే ఆ వచ్చిన ఒక్కరి పరిస్థితి ఏంటి?

మన దగ్గర ఇది ఎందుకు దొరకదో షాపులో కూర్చుంటే అర్థమవుతుంది. మా వైపు ఒక పెద్దాయనకి గుండె చూసేది కాకినాడలో, మోకాళ్ళు భీమవరంలో, కళ్ళు రాజమండ్రిలో, షుగర్‌కి చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు వెళ్తారు, జ్వరమొస్తే ఊళ్ళో ఆర్ఎంపీ ఇంటికే వస్తాడు. ఎవరి ఫైలు వాళ్ళది. ఏ డాక్టర్‌నీ తప్పు పట్టట్లేదు, ఆయన ముందు ఆయన రాసిన చీటీ ఒక్కటే ఉంటుంది కదా. ఈ మందులన్నీ కలిసేది రెండే చోట్ల, ఇంట్లో గూట్లో పెట్టుకున్న ప్లాస్టిక్ సంచిలో, మా షాపు కౌంటర్ మీద. ఇంకో సంగతేంటంటే మన డెల్టాలో దగ్గుకి కారణాలకి కొదవ లేదు. సార్వా కోతలప్పుడు ధూళి, కొబ్బరి పీచు మిల్లు, చుట్ట, కట్టెల పొయ్యి పొగ, ధనుర్మాసంలో మంచు. ఇవన్నీ నిజమైన కారణాలే కాబట్టి ఏదో ఒకటి చెప్పగానే అందరం ఆగిపోతాం.

అన్నిటికంటే ఎక్కువగా కనపడేది, అన్నిటికంటే తేలిగ్గా తగ్గేది ముందు చెప్తాను. బీపీకి, గుండెకి ఇచ్చే మందుల్లో పేరు చివర ప్రిల్ అని వచ్చేవి కొన్ని ఉంటాయి, ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్. మంచి మందులు, ప్రాణాలు కాపాడిన మందులు. కానీ వీటివల్ల బ్రాడీకైనిన్ లాంటి పదార్థాలు ఊపిరి దారిలో పేరుకుని కొంతమందికి పొడి దగ్గు వస్తుంది, వందలో 5 నుంచి 20 మంది దాకా అని పుస్తకాల్లో ఉంటుంది, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి ఎక్కువ. గొంతులో గరగర, కఫం ఉండదు, జ్వరం ఉండదు, పడుకుంటే ఎక్కువ. మొదలెట్టిన వారానికి రావచ్చు, కొన్ని నెలలకీ రావచ్చు, అందుకే ఎవరూ దాన్నీ దీన్నీ కలిపి చూడరు. మా షాపుకి వచ్చే ఒక పిన్నిగారు నెలనెలా ఒక షీటు రామిప్రిల్, రెండు బాటిళ్ళు కఫ్ సిరప్ కలిపి తీసుకెళ్ళేవారు, పచారీ సామానులాగా రెండూ ఒకే చీటీ మీద రాసుకొచ్చేవారు. "దగ్గు ఎన్నాళ్ళనుంచండీ?" అని అడిగాను. "ఆయ్, బీపీ వచ్చిన దగ్గర్నించేనండి" అన్నారు. ఆ మాటలోనే జవాబు ఉంది చూడండి. బీపీ వచ్చిన దగ్గర్నించి కాదు, బీపీ బిళ్ళ మొదలెట్టిన దగ్గర్నించి. డాక్టర్‌గారికి చూపించమని ఒక కాయితం మీద రాసిచ్చాను, ఆయన మందు మార్చి టెల్మిసార్టాన్ ఇచ్చారు, మూడు వారాలకి దగ్గు పోయింది. మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొంతమందికి మూడు నెలలు కూడా పడుతుంది. దీనివల్ల ఊపిరితిత్తులు పాడవ్వవు, అదొక్కటి నయం. కానీ ఆ సిరప్‌ల ఖర్చు, రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, టీబీయేమో అని ఇంట్లో గ్లాసు కంచం వేరు పెట్టడం, ఇదంతా ఏ లెక్కలోకి వస్తుంది?

ఇప్పుడు నిజంగా భయపడాల్సినవి. నైట్రోఫ్యూరాన్‌టోయిన్ అని మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి వాడే మందు. కొద్ది రోజులు వాడితే మామూలుగా ఇబ్బందేం ఉండదు, అయినా కొంతమందికి మొదలెట్టిన రోజుల్లోనే, ఒకటి రెండు వారాల్లో, జ్వరం, దగ్గు, ఆయాసం ఒక్కసారిగా వస్తాయి, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరుగుతాయి, అందరూ నెమ్ము అనుకుంటారు. ఇది ఆపితే తొందరగానే తగ్గుతుంది, మళ్ళీ వేస్తే మాత్రం గంటల్లోనే రావచ్చు. రెండో రకం మెల్లగా వస్తుంది. మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చే పెద్దవయసు ఆడవాళ్ళకి రాత్రి ఒకటి చొప్పున నెలల తరబడి ఇస్తారు చూశారా, అందులో ఆర్నెల్లు, ఏడాది దాటాక ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలవుతుంది.

లంక గ్రామం నుంచి వచ్చే ఒక పెద్దావిడకి అదే జరిగింది. ముందు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత బిందె ఎత్తితే ఆయాసం, తర్వాత మాట్లాడితే ఆయాసం. వయసన్నారు, రక్తం తక్కువన్నారు, ఎక్స్‌రేలో కింద భాగం మసకగా ఉందని కఫం పరీక్ష చేయించారు, టీబీ లేదని వచ్చింది, అది చేయించడం మంచిదే, అది తప్పకుండా చెయ్యాలి. ఆ తర్వాత యాంటీబయాటిక్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో ఎవరో ఇంజెక్షన్ చేసినప్పుడల్లా రెండు మూడు రోజులు ఊపిరి ఆడేది. చివరికి సిటీలో ఒక ఊపిరితిత్తుల డాక్టర్ ఆవిడ గుడ్డసంచి తీసుకుని టేబుల్ మీద బోర్లించారట. బీపీవి, షుగర్‌వి, కాల్షియం, ఆయుర్వేదం లేహ్యం, అన్నీ ఒక్కొక్కటి చేత్తో పక్కకి జరిపి ఆ ఒక్క షీటు పట్టుకుని "ఇది ఎన్నాళ్ళనుంచి?" అని అడిగారని ఆవిడ కూతురు చెప్పింది. ఏడాది పైమాటే. అప్పటిదాకా చూపించుకున్న చోట్ల ఆ మందు గురించి చెప్పలేదా అంటే, "మూత్రం మందు గురించి దగ్గు డాక్టర్‌కి ఎందుకు చెప్తామండి" అంది. ఆ అమ్మాయిదేం తప్పుందండి, అడిగితే కదా చెప్పేది. మందు ఆపాక, స్టెరాయిడ్ కొన్నాళ్ళు వాడాక ఆవిడ ఇప్పుడు నడుస్తున్నారు, కానీ గట్టిపడిన భాగం మొత్తం తిరిగి రాలేదు. ముందే తెలిస్తే అంత పోయేది కాదు.

గుండె దడకి ఇచ్చే అమియోడరోన్ ఇంకో పెద్దది. బైపాస్ అయ్యాక, గుండె లయ తప్పినప్పుడు పెద్దాసుపత్రుల్లో మొదలుపెడతారు, మళ్ళీ చూపించుకోవడానికి అంత దూరం వెళ్ళలేక మనవాళ్ళు పాత చీటీ మీదే ఏళ్ళ తరబడి కొనుక్కుంటారు. ఈ మందు ఒంట్లో పేరుకుంటుంది, ఆపినా సగం పోవడానికే దాదాపు రెండు నెలలు పట్టొచ్చు. రోజుకి 400 మిల్లీగ్రాములు వాడేవాళ్ళకి రిస్క్ ఎక్కువ, 200 వాడేవాళ్ళకి కూడా రాదని లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఒక్కోసారి కొద్దిగా జ్వరం. ఇందులో ఉన్న చిక్కేంటంటే గుండె పేషెంటుకి ఆయాసం వస్తే అందరూ గుండె వైపే చూస్తారు, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ బిళ్ళ డోసు పెంచుతారు, పెంచినా తగ్గదు. అలా తగ్గనప్పుడైనా ఈ మందు గుర్తు రావాలి. మొదలెట్టేటప్పుడే ఒక ఎక్స్‌రే, కుదిరితే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది. దయచేసి కార్డియాలజిస్టులు ఆ కాయితం పేషెంటు చేతికి ఇచ్చి పంపండి.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు మా వైపు ఇప్పుడు చాలామంది. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, అందుకే నేను షీటు మీద పెన్నుతో ఆ రోజు పేరు రాసిస్తాను, ఆదివారం అయితే ఆదివారం. సరిగ్గా వాడినా కూడా కొద్దిమందికి, ఎక్కువగా మొదటి ఏడాదిలో, ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది, పొడి దగ్గు, జ్వరం, కొద్ది రోజుల్లోనే పెరిగిపోయే ఆయాసం. ఇమ్యూనిటీ తగ్గించే మందు కాబట్టి నిజం ఇన్ఫెక్షన్ కూడా అయ్యుండొచ్చు, రెండూ చూసుకోవాలి, అది పెద్ద డాక్టర్ తేల్చాల్సింది. ఊళ్ళల్లో ఉండే మనం చెయ్యాల్సింది ఆలస్యం చెయ్యకుండా పంపడం, చీటీ మీద "మెథోట్రెక్సేట్ వాడుతున్నారు" అని పెద్ద అక్షరాలతో రాయడం.

ఇంకా ఉన్నాయి. ఆస్తమా ఉన్నవాళ్ళకి గ్లకోమాకి (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుకి) టిమోలాల్ కంటి చుక్కలు వేస్తే పిల్లికూతలు రావచ్చు, కంట్లో వేసింది ముక్కు దారిన ఒంట్లోకి పోతుంది. ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళలో వందకి సుమారు ఏడుగురికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి పడవు, వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల్లో ముక్కు కారి, ఊపిరి బిగుసుకుంటుంది. ముక్కులో కండ పెరిగినవాళ్ళని ఇంకా జాగ్రత్తగా అడగాలి. క్యాన్సర్‌కి బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్ళు తర్వాత ఎప్పుడు ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకి దెబ్బ తగలొచ్చు. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో కీమో చేయించుకుని వచ్చినవాళ్ళ ఫైలు ఇంట్లో బీరువాలో ఉంటే సరిపోదు.

ఇబ్బంది మందు వల్లే వచ్చిందని ఖాయం చేసే పరీక్ష అంటూ ఒక్కటీ లేదండి. రక్తపరీక్షలో పేరు రాదు, స్కానింగ్‌లో వాపో మచ్చో కనపడుతుంది గానీ అది ఏ మందు చేసిందో దాని మీద రాసి ఉండదు. తారీకులు చూడాలి. మందు ఎప్పుడు మొదలైంది, దగ్గు ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది, ఆపితే తగ్గిందా. మిగతా కారణాలు, టీబీ, నెమ్ము, గుండె, ఒక్కొక్కటి తీసేసుకుంటూ రావాలి. అంటే ఇందులో సగం పని తారీకులు అడిగి రాసుకోవడం, దానికి మెషీన్ అక్కర్లేదు, ఎండీ చదివినవాళ్ళే ఉండాలని లేదు, ఏఎన్ఎం చెయ్యగలదు, ఆశా చెయ్యగలదు, నేను చెయ్యగలను. కరోనా తర్వాత వేలికి పెట్టే ఆక్సీమీటర్ మన ఊళ్ళల్లో చాలా చోట్ల ఉంది. కూర్చున్నప్పుడు చూసి బాగుందని పంపేస్తున్నారు, కూర్చుంటే 96 ఉన్న మనిషికి వరండాలో కొద్దిసేపు నడిపించాక మూడు నాలుగు పాయింట్లు పడిపోతే అది వదిలెయ్యాల్సింది కాదు. (గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే వేలు మార్చి చూడండి, చేతులు చల్లగా ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది.)

ఆర్ఎంపీ అన్నయ్యలకి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. అర్ధరాత్రి ఏటిగట్టు మీద బండేసుకుని వచ్చేది మీరే, ఆ సంగతి మా అందరికీ తెలుసు. కానీ ఆయాసమనగానే డెక్సా ఇంజెక్షన్ చెయ్యడం వల్ల ఈ రకం జబ్బు దాక్కుంటుంది. స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది కాబట్టి రెండు రోజులు హాయిగా ఉంటుంది, కారణమైన బిళ్ళ మాత్రం ఆగదు, మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఇంజెక్షన్, ఈలోపు ఆర్నెల్లు పోతాయి. రెండోసారి పిలిచినప్పుడన్నా సంచి తెమ్మనండి.

ఇక మా షాపులవాళ్ళం. మనం షీటు కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇస్తాం, పేరు, బ్యాచ్ నంబరు, తారీకు ఉన్న ముక్క మన డబ్బాలోనే ఉండిపోతుంది, పేషెంటు చేతిలోకి వెళ్ళేది వెనకాల వెండి కాయితం తప్ప ఇంకేం లేని ముక్క. ఆ మనిషి రేపు కాకినాడ వెళ్తే డాక్టర్‌కి ఏం చూపిస్తాడు, "తెల్ల బిళ్ళండి, చిన్నది" అని చెప్తాడు. కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే బిళ్ళలైతే ఆ వెండి ముక్క కూడా ఉండదు. కవరు మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, తారీకు రాయడానికి అర నిమిషం పట్టదు. ఇందాక చెప్పిన బిళ్ళల్లో దాదాపు అన్నీ షెడ్యూల్ హెచ్ మందులే, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడనివి, పాత చీటీ మీద ఏళ్ళ తరబడి అమియోడరోన్ ఇస్తూ పోతే చూసుకునేవాళ్ళు ఎవరూ లేనట్టే. "ఆఖరిసారి డాక్టర్‌కి ఎప్పుడు చూపించారండీ" అని మనం అడిగితే కస్టమర్ పోడు, నా అనుభవంలో ఎవరూ పోలేదు.

చదివే మామూలు జనానికి కూడా చెప్పాలి, ఇది చూసి భయపడి ఎవరూ మందు సొంతంగా ఆపెయ్యకండి. అమియోడరోన్ ఉన్నట్టుండి ఆపితే గుండె లయ తప్పొచ్చు, బీపీ బిళ్ళ మానేస్తే పక్షవాతం రావచ్చు. అనుమానం వస్తే ఆ రోజే ఫోన్ చేసి అడగండి, సంచి పట్టుకుని వెళ్ళండి. పెదాలు నీలంగా మారినా, కూర్చున్నా ఊపిరి అందకపోయినా 108 కి ఫోన్ చెయ్యండి, బండి ఎక్కేటప్పుడు ఆ సంచి మర్చిపోకండి.

అధికారులకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. మందుల వల్ల వచ్చే ఇబ్బందుల్ని పోగు చెయ్యడానికి మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ 2010 నుంచి నడుస్తోంది, 2011 నుంచి దాని కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు ఎవరైనా రాయొచ్చు, పేషెంటు కూడా రాయొచ్చు, వాళ్ళకోసం తెలుగులోనే ఫారం ఉంది. రుజువు చెయ్యక్కర్లేదు, అనుమానం చాలు. రాసినంత మాత్రాన మందు రాసిన డాక్టర్ మీద కేసేమీ కాదు, పేర్లు బయటపెట్టరు. మరి మన మండలాల్లో ఎంతమందికి ఈ నంబరు తెలుసు? నేను అడిగిన చోటల్లా "అదేంటండీ" అన్నవాళ్ళే ఎక్కువ. ఇలా రాయడం వల్ల ఏమొస్తుందంటే 2002 లో జపాన్ సంగతి చూడండి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి గెఫిటినిబ్ అనే మందుకి జులైలో పర్మిషన్ ఇచ్చారు, డాక్టర్లు ఊపిరితిత్తుల్లో వాపు వస్తోందని రిపోర్టులు పంపారు, చావులు కూడా ఉన్నాయి, అక్టోబర్ కల్లా దేశమంతా హెచ్చరిక వెళ్ళింది. మూడు నెలలు. ఎవరికి వాళ్ళు "నాకొచ్చింది ఒక్క కేసే కదా" అనుకుని ఊరుకుంటే ఆ హెచ్చరిక ఎప్పటికి వచ్చేది?

కాబట్టి నా విన్నపం. ఓపీ చీటీ మీద వయసు, బరువు, బీపీ రాసే చోటే "వాడుతున్న మందులు, ఎప్పటినుంచి" అని ఒక గడి పెట్టించండి. 104 బండి ఊళ్ళోకి వచ్చే రోజు బీపీ, షుగర్ పేషెంట్లని ఖాళీ చేతులతో కాకుండా మందుల సంచితో రమ్మని ముందురోజే ఆశాల చేత చెప్పించండి. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష ఎలాగూ చేయిస్తున్నారు, అందులో టీబీ లేదని వచ్చాక మనిషిని అక్కడితో వదిలెయ్యకుండా, ఊరికే అనుమానం మీద టీబీ కోర్సు మొదలెట్టకుండా, ముందు ఆ మందుల లిస్టు ఒకసారి డాక్టర్ చూసేలా చెయ్యండి. పీహెచ్‌సీ గోడ మీద, మందులిచ్చే కిటికీ పక్కన ఆ టోల్ ఫ్రీ నంబరు తెలుగులో రాయించండి.

ఏటా సెప్టెంబర్ 17 నుంచి 23 వరకు ఫార్మకోవిజిలెన్స్ వారం జరుగుతోంది, 2021 నుంచి. దాన్ని మెడికల్ కాలేజీలు, ఫార్మసీ కాలేజీల దగ్గరే ఆపకుండా ఈసారి మా మండలాల్లో ఆశాలందరూ కలిసే ఆశా డే కి తీసుకురండి, ఒక్క అరగంట ఇవ్వండి. చెప్పడానికి మనుషులు లేరంటే నేను వస్తాను. ఇటు మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇంకో ఇద్దరు ముగ్గురు ఫార్మసిస్టులు కూడా వస్తామన్నారు, మధ్యాహ్నం పూట షాపులు మూసేసి వస్తాం. షీట్లు, కవర్లు, ఫారాలు మేమే తెచ్చుకుంటాం, తారీకు చెప్పండి చాలు.

ఇట్లు,
రాజోలు వైపు నుంచి ఒక మెడికల్ షాపు ఫార్మసిస్టు